తిప్పడం మరిచిన రీలు

కెమెరాని చూసి పిల్లనిస్తానని మాటిచ్చినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మా ఫొటో స్టూడియోకి మొదటిసారి వచ్చినప్పుడు ఆ కాబోయే అల్లుడు కోటు జేబులోంచి నల్లటి పెట్టె తీసి మీట నొక్కాడు. మూత తెరుచుకుంది. కొలిమితిత్తిలాంటి మడతల తోలు సాగి, లెన్సు టక్కున ముందుకొచ్చి నిలబడింది. జేబులో పట్టే కెమెరా, తీస్తే అరచేతిలో సగమంత నెగటివు! దూరాన్ని కంటితో అంచనా కట్టి లెన్సు చేత్తో తిప్పుకునే కుర్రాడు ఈ రోజుల్లో దొరుకుతాడా? నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను.

"సంబంధం కూతురికా, కెమెరాకా?" అని మా ఆవిడ దెప్పింది. అతని మొదటి భార్య రాళ్ల క్వారీ గట్టు మీంచి జారి నీళ్లలో పడి చనిపోయిందట. ఆ రోజు ఇతను ఊళ్లోనే లేడట. "పాపం, అతనేం చేస్తాడే?" అని ఆవిడ నోరు మూయించాను.

నిన్న రీలు తెచ్చిచ్చాడు.

"పాతది మామయ్యగారూ, కెమెరాలోనే ఉండిపోయింది. మొన్న దాంతోనే చిట్టిని ఒక్క ఫొటో తీశా. మీ చేత్తో కడగండి."

ఈ పొద్దున కడిగి, నెగటివుని దీపానికెత్తి చూశాను. మా చిట్టి క్వారీ గట్టు మీద నవ్వుతోంది. ఆ బొమ్మలోనే ఇంకో ఆడమనిషి. ఈ పాత కెమెరాలతో ఇదే తంటా. ఫొటో తీశాక రీలు తిప్పడం మర్చిపోతే తర్వాతి ఫొటో దాని మీదే పడుతుంది.

భూతద్దం పెట్టాను. నెగటివులో ముఖాలు పోల్చడం నాకు అలవాటే. అతనింట్లో గోడ మీద దండ వేసిన ఫొటోలో చూసిన ముఖం. అదే గట్టు. చేతులు రెండూ కెమెరా వైపు చాచింది. పాదాల కింద రాయి లేదు.

ఊళ్లో లేనివాడు తీసిన ఫొటో. చెయ్యందించాల్సినవాడు మీట నొక్కాడు. మర్చిపోయి ఇచ్చాడో, నేను చూడాలనే ఇచ్చాడో.

"చిట్టి ఏదే?"

"అతను వచ్చి తీసుకెళ్లాడుగా," అంది ఆవిడ వంటింట్లోంచి.

చిట్టికి ఫోన్ చేశాను.

"నాన్నా, క్వారీ దగ్గరున్నాం! మొన్న వెలుతురు చాల్లేదట, మళ్లీ తీస్తానన్నాడు."

"చిట్టీ, అక్కణ్ణించి వచ్చెయ్! ఇప్పుడే!"

"ఏంటి నాన్నా? గాలికి వినపడట్లేదు."

ఆ గాలిలో అతని గొంతు మాత్రం నాకు స్పష్టంగా, ఎంతో మెత్తగా వినిపించింది.

"ఫోన్ పక్కన పెట్టు బంగారం. ఇంకొక్క అడుగు వెనక్కి."