రెండు అన్న అంకె

ఆ ఆఫీసులో ఆయన్ని వెనకాల అందరూ చీపురు సార్ అనేవాళ్లు. జనాభా లెక్కల్లో భాషల పట్టిక ఆయన చేతుల మీదుగా వెళ్లాల్సిందే. ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకొచ్చినవాళ్లు ఎక్కడ తప్పు చేసినా, ఆయన కంట పడిందంటే ఊడ్చి అవతల పారేసేవాడు. మాతృభాష ఏమిటంటే ఒకడు తన ఊరి పేరు చెప్పి ఉంటాడు, ఇంకొకడు సరదాకి పిచ్చుకల భాష అని ఉంటాడు. అలాంటివన్నీ ఏరేశాకే పట్టిక అచ్చుకు వెళ్లేది. ఈ పనిలో ఆయన్ని మించినవాడు లేడని పైఅధికారులూ ఒప్పుకునేవారు, ఆయనా ఒప్పుకునేవాడు.

అంతటి మనిషి ఆ ఉదయం కంప్యూటర్ ముందు కూర్చుని కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. అవతలి గట్టు భాషకి ఎదురుగా రెండు అని ఉంది. దేశం మొత్తం మీద ఇద్దరు. ఒక ఆడమనిషి, ఒక చిన్నపిల్ల.

అదెలా కుదురుతుంది? అవతలి గట్టు భాష పోయి ఏళ్లయింది. ఏటి అవతలి పల్లెలు వరదకి కొట్టుకుపోయాక అక్కడివాళ్లు తలో దిక్కూ వెళ్లి ఎక్కడివాళ్లు అక్కడ కలిసిపోయారు. కిందటిసారి లెక్కల్లో దాని ఎదురుగా సున్నా వచ్చింది. ఆ సున్నాని పట్టుకుని ఈయన పెద్ద వ్యాసం రాశాడు. ఒక భాష ఎలా కన్నుమూసిందో వర్ణిస్తూ, ఆఖరి పేరాలో నాలుగు కన్నీటి బొట్లు కూడా రాల్చాడు. ఆయనకి పేరు వచ్చిందీ, సొంత గది వచ్చిందీ ఆ వ్యాసంతోనే. ఇప్పుడు ఈ రెండు నిజమైతే ఆ పేరంతా నీళ్లపాలే. పట్టిక చూస్తే ఆ సాయంత్రమే అచ్చుకు వెళ్లాలి.

తప్పంతా కొత్త పద్ధతిది అనుకున్నాడు. వెనకటి లెక్కల్లో ఇంటి పెద్దని అడిగితే సరిపోయేది. ఆయన ఏ భాష చెబితే ఇంట్లో అందరిదీ అదే. ఈసారి పైవాళ్లు ఎవరి భాష వాళ్లనే అడగాలన్నారు. ‘మీ అమ్మ మీతో ఏ భాషలో మాట్లాడేది?’ అని మనిషి మనిషినీ అడగాలట. దండగమారి పని అని ఈయన మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాడు.

పట్టికలో ఆ ఇద్దరూ ఏ బ్లాకువాళ్లో ఉంటుంది కానీ, ఇల్లేదో ఉండదు. ఆ బ్లాకులో లెక్క రాసిన టీచరమ్మని పిలిపించాడు. పాపం, ఆవిడ బడిలో పరీక్ష పేపర్లు దిద్దుతూ మధ్యలో వదిలేసి వచ్చింది. వచ్చీ రాగానే ఆఫీసు మొత్తం వినేలా వాయించేశాడు. ఎవరో ఆకతాయితనంగా చెబితే బుర్ర వాడకుండా రాసుకొచ్చారన్నాడు. చచ్చిపోయిన భాషని లేపడానికి మీకేమైనా మంత్రాలు వచ్చా అన్నాడు. పక్క బల్లలవాళ్లు కిసుక్కున నవ్వారు.

టీచరమ్మ అంతా విని, ఆ తల్లీకూతుళ్లు మాట్లాడుకోవడం తాను స్వయంగా విన్నానంది. ఇల్లేదో చెప్పమంటే మాత్రం, ఆ తల్లి ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకుందంటూ నోరు విప్పలేదు. చెప్పకపోతే ఆ రెండూ కొట్టేసి, బ్లాకంతా మళ్లీ ఆవిడ చేతే తిరిగి రాయిస్తానని బెదిరించాడు. ఆవిడ ఆయన ముఖంలోకి ఒకసారి చూసి తల దించుకుంది. భయపడిందనుకున్నాడు.

“కొట్టేసే ముందు మీరే ఒకసారి వెళ్లి వినండి సార్. మధ్యాహ్నం పూట వెళ్లండి” అని మాత్రం అంది.

సరే, ఆ ముచ్చటా తీరుద్దామని బ్లాకు మ్యాపు తెరిచాడు. తెరిచి, తనలో తనే నవ్వుకున్నాడు. అది తన వీధే. పదిహేనేళ్లుగా కాపురముంటున్న వీధి. అక్కడ తనకి తెలియని మనిషెవరు?

ఎండలో వీధి ఆ చివరనుంచి మొదలుపెట్టాడు. రిటైరైన బస్సు డ్రైవరు, తన భార్య మాట్లాడేది తనకి సగం అర్థం కాదనీ, దాన్నీ ఒక భాష కింద రాసుకొమ్మనీ అన్నాడు. టైలరు తనకి నాలుగు భాషలు వచ్చని, కాకపోతే నాలుగింట్లోనూ తిట్లే వచ్చని ఒప్పుకున్నాడు. లాయరుగారి భార్య మంచినీళ్లు ఇవ్వబోతే వద్దన్నాడు. అందరిదీ మామూలు భాషే. ఒక్క తన ఇంట్లో తప్ప అన్ని ఇళ్లలోనూ అడిగాడు. తన ఇంటి సంగతి తనకి తెలియదా? భార్యవాళ్లు ఎప్పుడో ఏరు దాటి వచ్చినవాళ్లే కానీ, రెండు తరాలుగా మాట్లాడేది ఈ భాషేనని పెళ్లి మాటల్లోనే చెప్పారు. 

వ్యాసం బతికింది. ప్రాణం కుదుటపడింది. ఎలాగూ ఇంటిదాకా వచ్చాం కదా, కాసిని మంచినీళ్లు తాగి వెళదామని తన గుమ్మంలో చెప్పులు విప్పాడు.

వంటింట్లోంచి మాటలు వినిపించాయి. రేడియో అనుకున్నాడు. ఆ మాటల మధ్య కూతురు పకపకా నవ్వింది. బడి పక్క వీధిలోనే కాబట్టి మధ్యాహ్నం అన్నానికి ఇంటికొస్తుంది. దాని నవ్వు మీదుగా ఇంకో గొంతు గలగలా సాగింది. ఎవరినో అనుకరిస్తోంది, ఆటపట్టిస్తోంది, తన మాటకి తనే నవ్వుతోంది. ఒక్క ముక్క కూడా ఆయనకి అర్థం కాలేదు. ఆ గొంతు తన భార్యదని పోల్చుకోవడానికే కాసేపు పట్టింది.

తన భార్య మితభాషి అని ఆయన పదిమందిలో గొప్పగా చెప్పుకునేవాడు. అడిగినదానికి జవాబు, అవసరానికో మాట, అంతే. ఇప్పుడు తలుపుకి అటువైపు ఊపిరి తిప్పుకోకుండా కబుర్లు చెబుతున్న ఈ మనిషిని ఆయన ఇన్నేళ్ల కాపురంలో ఒక్కసారి కూడా కలుసుకోలేదు. సిగ్గేసింది, భయమేసింది, ఏడుపూ వచ్చింది. తలుపు పట్టుకుంటే అది కిర్రుమంది.

కుళాయి కట్టేసినట్టు మాటలు ఆగిపోయాయి.

“వచ్చారా? భోజనం పెట్టమంటారా?” అంది భార్య, ఆయనకి తెలిసిన గొంతుతో.

ఆయన అక్కడే పీట మీద కూలబడ్డాడు. కూతురు కంచంలోకి చూస్తూ కూర్చుంది. పొద్దున ఆఫీసులో దంచేసిన నోటితోనే ఇప్పుడు మెల్లగా అడిగాడు.

“నాకెందుకు చెప్పలేదు?”

“మీరు అడగలేదు. ఆ టీచరమ్మ అడిగింది.”

“అడక్కపోతే మాత్రం? అదే భాష మీద నేను వ్యాసం రాశాను కదే!”

భార్య చేతులు కడుక్కుని కొంగుతో తుడుచుకుంది. ఆవిడ మాటలో కోపం లేదు. ఉంటే ఆయనకి కాస్త తేలికగా ఉండేదేమో.

“రాశారు. పూర్తవగానే ముందు గదిలో కూర్చోబెట్టి నాకు చదివి వినిపించారు కూడా. ఆఖరి మనిషి కూడా పోయాడు, ఇక ఆ భాష ఎవరి నోటా వినబడదు అని చదువుతుంటే మీ గొంతు వణికింది. అప్పుడు మా అమ్మ పక్క గదిలోనే ఉంది. మంచం మీదనుంచి అంతా వింది. నేను లోపలికి వెళితే, అల్లుడు అంత సంబరంగా ఉన్నాడు, ఏమీ చెప్పకు అంది. పోయేదాకా మళ్లీ మీకు వినపడేలా మాట్లాడలేదు.”

అత్తగారు ఆ గదిలో ఉన్న నెలలు ఆయనకి గుర్తొచ్చాయి. ముసలావిడకి మాట పడిపోతోందేమో డాక్టరుకి చూపిద్దామని తనే ఒకటి రెండుసార్లు అన్నాడు.

లేచి ఆఫీసుకి ఫోన్ చేశాడు. ఆ రెండూ ఉంచండి అన్నాడు. టీచరమ్మది తప్పు లేదని, ఆవిడకి తనే వెళ్లి క్షమాపణ చెప్పుకుంటానని అన్నాడు. అవతల గుమాస్తా నమ్మలేక, చూశారా సార్, మీరే విన్నారా అని రెట్టించి అడిగాడు. విన్నానని చెప్పి పెట్టేశాడు.

తిరిగి వచ్చి వాళ్లిద్దరి ఎదురుగా కింద కూర్చున్నాడు. “మాట్లాడుకోండి. నేను అడ్డం రాను, ఊరికే వింటాను” అన్నాడు. బతిమాలినట్టే అన్నాడు.

భార్య ప్రయత్నించింది. పెదవులు కదిపింది కానీ, మాట రాలేదు. మిమ్మల్ని చూడగానే అది దానంతటదే ఆగిపోతుందండీ, నేనేం చేయను అంది. కూతురు తల్లిని చూసింది, తండ్రిని చూసింది. తర్వాత తల్లి చెవి దగ్గరికి వంగి ఆ భాషలో చిన్నగా ఏదో అంది.

ఆయన ముఖం విప్పారింది. “ఏమంది? చెప్పవే, ఏమంది?”

భార్య చెప్పలేదు. ఆయన వదల్లేదు. మళ్లీ మళ్లీ అడిగాడు. ఆవిడ కూతురి జుట్టు సవరిస్తూ ఎటో చూస్తూ చెప్పింది.

“నాన్న మళ్లీ ఎప్పుడు వెళతారు అని అడుగుతోంది.”

ఆయన లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. గుమ్మం మాత్రం దాటలేక, తలుపు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.