నాలుగు గంటల గాలి

పొద్దున లేచి ఎనుముకు మేత వేసి, పట్టుపురుగులకు మల్బరీ ఆకు పరిచి, వాకిట్లో నీళ్లు చల్లినాక సువర్ణ కూర్చోని ఫ్యాన్ల వాసన చూసేది. అవి పాత కంప్యూటర్లలోంచి పీకిన అరచేయంత నల్ల ఫ్యాన్లు. ఒక్కోదానికి కరెంటిచ్చి ముక్కు దగ్గర పెట్టుకొని, ఏ తావు గాలో తేల్చుకొని, వెనకాల చీటీ అంటించేది. కంప్యూటరు ఏ గదిలో ఏండ్లు గడిపిందో ఆ గది గాలి దాని ఫ్యానులో ఉండిపోతుంది. అది అందరికీ తెలిసిందే గానీ, చీటీ తప్పు రాస్తే కొన్నోళ్లు ఊరుకుంటారా? ఒకసారి కోళ్లఫారం ఫ్యానుకు బ్యాంకు అని చీటీ వేసి పంపించింది. కొన్నాయన ఫోన్ చేసి అరగంట తిట్టినాడు. పాపం, ఆయన తప్పేమీ లేదు.

కళ్యాణదుర్గంలో కంప్యూటర్ సెంటరు మూతబడేదంకా సువర్ణ ఆడ రిపేరు పని చేసింది. చేతిలో పని ఉన్నాక కాళ్లు ముడుచుకొని ఎట్లా కూర్చుంటుంది? పాత సామాన్ల ఖాజా పీర్ దగ్గర చెడిపోయిన కంప్యూటర్లు తెచ్చి, హార్డ్ డిస్కుల అద్దాల్లాంటి బిళ్లలతో గోడ గడియారాలు, ఫ్యాన్లతో బల్లమీద పెట్టుకునే చిన్న పంకాలు చేసి ఆన్‌లైన్‌లో అమ్మేది. పెద్ద రాబడేం కాదు. గ్యాసు బండకూ పాప పుస్తకాలకూ మొగుడి ముందర చేయి చాచకుండా గడిచిపోయేది.

గడియారాల కంటే ఫ్యాన్లే ఎక్కువ పోయేవి. ఒక సర్కారు ఆఫీసు ఫ్యాను కొన్న టీచరమ్మ 'పొద్దున పదకొండు దాటితే గానీ గాలి రావడం లేదు, ఒంటిగంటకు మళ్లీ ఆగిపోతోంది' అని రెండే స్టార్లు ఇచ్చింది. 'అది ఆ ఆఫీసు పద్ధతి మేడమ్' అని సువర్ణ బదులు రాసింది. ప్రతి ఫ్యాను కిందా మరో మాట తప్పకుండా రాసేది. 'తాగిన గాలి ఎంతుంటే అంతే ఇస్తాది. అదైపోతే మీ ఊరి గాలే. వాపసు లేదు.'

ఆ ఎండాకాలం మాత్రం సువర్ణకు ఫ్యాన్ల మీద మనసు నిలవలేదు. మనసంతా ఇంటి వెనకాల రేకుల షెడ్డులో ఉండేది. అంతకుముందు రెండు పంటలు ఎండదెబ్బకు పోయినాయి. పురుగులు నల్లబడి మెత్తబడి, చేటలకు చేటలు గుంతలో పూడ్చినారు. ఇది మూడోది. మొగుడు ఓబిలేష్ ఖండితంగా చెప్పేసినాడు.

"ఈ పంట గూడా పోతే మల్బరీ పీకేసి బెంగుళూరు పోదాం. మా చిన్నాయన కొడుకు అపార్టుమెంటులో వాచ్‌మన్ పని మాట్లాడిపెట్టినాడు. మెట్ల కింద గది గూడా ఇస్తారంట."

మెట్ల కింద గది. ఆ మాట విన్నప్పటినుంచీ సువర్ణకు అన్నం సయించలేదు. ఈ ఇల్లు, ఈ నాలుగు ఫ్యాన్లు, పాప బడి, ఎనుము, అన్నీ మెట్ల కింద ఎట్లా పడతాయి? అత్త ఆంజినమ్మ అయితే 'నేను రాను, నన్ను ఈడ్నే పూడ్చిపెట్టి పోండి' అని ఒక్కటే మాట అనేసింది.

పురుగులు నాలుగో జ్వరం దాటినాయి. జ్వరమంటే నిజం జ్వరం కాదు, మేత మానేసి, పాత తోలు విడిచి లేచే నిద్ర. లేచినాక వారం రోజులు ఆవురావురుమని తిని గూళ్లు కట్టాల. సరిగ్గా అప్పుడే రోహిణి కార్తె దిగింది. రోళ్లు పగిలే ఎండ. షెడ్డు చుట్టూ గోనెపట్టలు కట్టి తడుపుతాంటే, తడిపిన నీళ్లు కిందికి కారకముందే ఆరిపోతాండాయి. బోరు దగ్గుతూ దగ్గుతూ రెండు బిందెలు పోసి ఆగిపోతాంది. పురుగులు మేసే సన్న వాన చప్పుడు దినదినానికీ తగ్గిపోతా వచ్చింది.

ఆ మధ్యాహ్నం సువర్ణ కొరియరు ఇచ్చేదానికి కళ్యాణదుర్గం పోయి తిరిగొచ్చేసరికి షెడ్డులోంచి గుప్పున ఎండుచేపల కంపు కొట్టింది. లోపలికి ఉరికింది. షెడ్డు చల్లగా ఉంది నిజమే. కానీ వేలకు వేల పురుగులు తలకాయలు పైకెత్తి, ఆకు ముట్టకుండా అట్లే నిలబడి ఉండాయి. మూలన ఒక ఫ్యాను తిరుగుతాంది. అది సముద్రం ఒడ్డున రేవులో తూకం ఆఫీసు ఫ్యాను.

"ఏమప్పా, బుద్ధుండాదా నీకు? పురుగులకు అగరొత్తి వాసన గూడా పడదని నాకు చెప్పింది నువ్వే కదా!"

"చీటీ మీద చల్లన అని రాసుండాది. అంతవరకే చదివినా మే," అన్నాడు ఓబిలేష్. మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు. పోయి గడప మీద కూలబడినాడు. "ఇంగ గుడ్డలు సర్దుకో సువర్ణా."

ఆమె ఫ్యాను పీకి అవతల పారేసి, తలుపులు తెరిచి, ఆకు మార్చింది. గంట తిరిగేసరికి సగం పురుగులు తల దించి మేతకు వచ్చినాయి. మిగతావి రాలేదు. ఇంకా ఆరు దినాలు. చల్లన, తడి, ఏ వాసనా లేని గాలి కావాల. మంచం మీది ఫ్యాన్లన్నీ తిరగేసింది. ఆసుపత్రిది ఫినాయిలు వాసన. ప్రెస్సుది సిరా వాసన. బడిది సుద్దముక్కల దుమ్ము. కావలసిన గాలి ఎక్కడుందో ఆమెకు తెలుసు. మూడు నెలల కిందట అమ్మేసిన చిక్కమగళూరు కాఫీతోట ఆఫీసు ఫ్యానులో ఉంది.

కొన్నాయన పేరు శ్రీరంగప్ప, రాయదుర్గం. అయిదు స్టార్లు ఇచ్చి ఇట్లా రాసినాడు: 'ఈ ఆఫీసులో నేను ముప్పై ఏండ్లు లెక్కలు రాసే రైటరుగా పని చేసినాను. అదే గాలి. సాయంత్రం నాలుగింటికి గాలి మారి కాఫీ వాసన వస్తుంది. అది మా ఇంటామె కదిరమ్మ నాకు కాఫీ తెచ్చే వేళ. ఆమె పోయి రెండేండ్లయింది. మీకు నమస్కారం.'

"అమ్మిన వస్తువు తిరిగి అడిగేది యాడన్నా ఉండాదా?" అన్నది ఆంజినమ్మ. "అది ఆయప్పకు వట్టి ఫ్యాను గాదు మే."

"తెలుసత్తా. సిగ్గుగానే ఉండాది."

సిగ్గు విడిచే రాసింది. సంగతంతా రాసి, ఆరు దినాలు అప్పిస్తారా సార్ అని ఫోన్లో పంపించింది. ఆయన చూసినట్టు గుర్తు పడింది. బదులు రాలేదు. చీకటి పడేదంకా ఫోను చూడడం, షెడ్డులోకి పోవడం, మళ్లీ ఫోను చూడడం, ఇదే పని అయిపోయింది. ఎంత తప్పు పని చేసినానో అని ఒకపక్క కుమిలిపోతానే, ఇంకోపక్క దేవుడా ఆయన చేత ఊ అనిపించు అని మొక్కుకుంది.

మరుసటి పొద్దున ఏడింటికి షేరాటో వాళ్ల ఇంటి ముందర నిలిచింది. తెల్ల పంచె కట్టిన బక్కపల్చటి ముసలాయన, చంకలో గుడ్డసంచి గట్టిగా అదుముకొని దిగినాడు.

"సువర్ణ అంటే నువ్వేనా పాపా? నేను శ్రీరంగప్పను. ఫ్యాను ఇచ్చిపోయేదానికి రాలేదు. అది యాడుంటే నేనాడ."

ఆమె ఆయన సంచిలోంచి ఫ్యాను తీసుకొని, గాలి ఎంత మిగిలుందో చెవి దగ్గర పెట్టుకొని విన్నది. చెప్పకుండా దాచితే పాపమనిపించింది.

"సార్, రాత్రీ పగలూ తిప్పితే ఇది అయిదు దినాలు దాటదు. అయిపోతాది. మీకు తిరిగి వట్టిదే ఇస్తా."

"తెలుసు. నువ్వే రాసినావు కదా ఫ్యాను కింద," అన్నాడు ఆయన. "దినానికి అయిదు నిమిషాలు, నాలుగింటికి పెట్టుకుంటాండా. ఆ లెక్కన నేను పోయేదంకా వస్తాదనుకున్యా. నిన్న నీ మాట చూసి శానా కోపం చేసుకున్యా. నాలుగింటికి కాఫీ వాసనొచ్చినాక కోపం నిలబడలే." పంచె అంచుతో ముఖం తుడుచుకొని, "మేమూ ఇట్లనే వానల్లేక ఈ పక్కనుంచి ఊరిడిసి పోయినోళ్లమే పాపా. బస్సులో కళ్యాణదుర్గం దాటేదంకా మా కదిరమ్మ ఎనిక్కి తిరిగి చూస్తానే ఉన్నింది. ఆ మెడ తిప్పడం నాకు ఇప్పటికీ కండ్లల్లో ఉండాది. పోదాం పద, పురుగులు యాడుండాయి?" అన్నాడు.

పాత యూపీఎస్ బ్యాటరీకి తగిలించి ఫ్యాను తిప్పినారు. మబ్బు పట్టిన కొండమీది గాలి షెడ్డు నిండిపోయింది. గోడలకు చెమ్మ పట్టింది. గోనెపట్టలు వాటంతట అవే తడిసినాయి. కాసేపటికి ఒక పురుగు తల దించింది. దాని పక్కది దించింది. పొద్దెక్కేసరికి షెడ్డంతా సన్న వాన చప్పుడే. ఓబిలేష్ ఆకు మోపు దించి, ముసలాయన కాళ్లు పట్టుకున్నాడు.

సాయంత్రం నాలుగింటికి గాలి మారింది. అప్పుడే దించిన కాఫీ వాసన సన్నగా వచ్చింది. సువర్ణ చప్పున పురుగుల దిక్కు తిరిగింది. ఈ వాసన పురుగులకు పడకపోతే? పురుగులు లెక్కే చేయలేదు, మేస్తానే ఉండాయి. శ్రీరంగప్ప కండ్లు మూసుకొని కూర్చోనుంటే, ఆంజినమ్మ గ్లాసు తెచ్చి ముందర పెట్టింది.

"ఇది టీ అన్నా, బెల్లం టీ. మీ ఇంటామె కాఫీ మాదిరి ఉండదు. ఊరికే వాసన చూసి కూర్చుంటే కడుపు నిండుతాదా?"

ఆయన ఒక గుటక తాగి దగ్గినాడు. "అల్లం ఎంతేసినావమ్మా ఇందులో!"

"గొంతుకు మంచిది. తాగన్నా."

అయిదు దినాలూ ఆయన షెడ్డులోనే నులకమంచం వేసుకున్నాడు. ఆకు తరిగినాడు, పాపకు కన్నడం అక్షరాలు దిద్దించినాడు, నాలుగింటికి టీ తాగుతా అల్లం ఎక్కువైందని దినామూ గొడవ పడినాడు. సువర్ణ మాత్రం గంటకోసారి ఫ్యాను చప్పుడు వినేది. పలచబడతాంది. పురుగులదో పరుగు, గాలిదో పరుగు. ఏది ముందు ముగుస్తాదో తెలియక ఆమెకు కంటిమీద కునుకు పడలేదు.

అయిదో దినం పొద్దున పురుగుల ఒళ్లు పసుపు తిరిగి, తలలు అటూ ఇటూ వెతుక్కోవడం మొదలుపెట్టినాయి. గూటికి వచ్చినాయి! ఇంట్లోవాళ్లంతా, ముసలాయనతో సహా, వాటిని ఏరి ఏరి గూళ్లు కట్టే వెదురు తట్టల, అదే చంద్రికల మీద వదిలినారు. మధ్యాహ్నానికి దారాలు తీసినాయి. నాలుగింటికి గాలి మారింది. కాఫీ వాసన వచ్చిందా అంటే వచ్చింది, ఎంతో దూరంనుంచి పిలిచినట్టు. ఆ తర్వాత ఫ్యానులోంచి భగ్గున వడగాలి కొట్టింది.

శ్రీరంగప్ప లేచి స్విచ్చి ఆపినాడు. సువర్ణ ఏడ్చేసింది.

"నీ రుణం ఎట్లా తీర్చుకునేది పెద్దనాయనా?" సార్ అనే మాట నోటికి రాలేదు.

"గూళ్లు కట్టినాయి కదా. అంతే చాలు," అన్నాడాయన. ఫ్యానును తుడిచి గుడ్డసంచిలో పెట్టుకొని, చివరి బస్సుకు పోయినాడు.

గూళ్లు గట్టిగా, తెల్లగా వచ్చినాయి. హిందూపురం మార్కెట్లో మంచి ధర పలికినాయి. ఓబిలేష్ బెంగుళూరుకు ఫోన్ చేసి 'ఆ పని వేరేవాళ్లకు చెప్పప్పా, మేము రాలేం' అన్నాడు. సువర్ణ మళ్లీ ఫ్యాన్ల ముందర కూర్చుంది గానీ, ఏ ఫ్యాను ముక్కు దగ్గర పెట్టుకున్నా ఆ ముసలాయనే గుర్తొచ్చేవాడు. మన ఇల్లు నిలబెట్టుకొని ఆయన సాయంత్రాలు ఖాళీ చేసినాం కదా అని తనను తానే తిట్టుకునేది. ఫోన్ చేద్దామంటే ముఖం చెల్లలేదు.

పది దినాలకు ఆయనే ఫోన్ చేసినాడు. నాలుగు దాటి అయిదు నిమిషాలయ్యింది.

"పాపా, అలవాటు కొద్దీ ఫ్యాను పెట్టినా. వడగాలే కదా వచ్చేది అనుకున్యా. ముందర పచ్చి ఆకు వాసనొచ్చింది. తర్వాత అల్లం." ఫోన్లో ఫ్యాను తిరిగే చప్పుడు వినబడింది. "నాలుగింటికి మళ్లీ ఎవరో నాకు ఏదో తెచ్చిస్తాండారు పాపా."

సువర్ణ కండ్లు తుడుచుకుంది. "మా షెడ్డు గాలి అయిదు దినాలదే పెద్దనాయనా. తొందరగా అయిపోతాది."

"అవును. అందుకే అడుగుతాండా. మళ్లీ పురుగులు ఎప్పుడు తెస్తారు?"

"వచ్చే నెల పదో తేదీ."

"సరే. తొమ్మిదికే వస్తా. ఫ్యాను తెచ్చుకుంటా."

సువర్ణ సంగతి చెప్తే ఆంజినమ్మ పొయ్యి ముందరనుంచి లేవనైనా లేవలేదు. "రానీ. వచ్చేటప్పుడు రాయదుర్గం సంతలో అల్లం తెమ్మని చెప్పు. ఈడ బాగుండలే," అన్నది.