థాంక్సు వద్దు, తప్పు రాయండి

మీరే, ఇంకెవరో కాదు, సర్వీసు సెంటరు గాజు గదిలో చల్లగా కూర్చుని నా కారు కేసి కన్నెత్తి చూడకుండా కంప్యూటరు కేసి చూసి తీర్పు చెప్పిన మీరే, బానెట్ ఎత్తారా అంటే ఎత్తారు, ఒక వైరు తగిలించారు, తెర మీద ఏవో అంకెలు వచ్చాయి, గాలి కొలిచే సెన్సరు పోయిందమ్మా అన్నారు, దాంతోపాటు పక్కదీ మార్చాలన్నారు, సామాను రావడానికి మూడు వారాలన్నారు, అయినా పందొమ్మిదేళ్ళ బండి మీద ఎందుకమ్మా ఈ తాపత్రయం, తుక్కుకిచ్చేయండి అని నవ్వారు చూడండి, ఆ నవ్వు మీద అర్జీ రాస్తాను, ఊరికే వదులుతానా, లాండ్రీలో నన్ను అర్జీలక్క అనేది ఎందుకు, ఆస్పత్రి దుప్పట్లు ఉతికే ఆవిరి గదిలో ఫ్యాన్లు పెట్టించిందాన్ని, నిలబడి మడతలు పెట్టేవాళ్ళకి కుర్చీలు వేయించిందాన్ని, మీ గాజు గది నాకో లెక్కా, మూడు వారాలట, మా అత్తయ్యకి డ్రైవింగు పరీక్ష ఈ రోజు పదకొండింటికి, ఇప్పుడు ఎనిమిదిన్నర, నా తల బానెట్ కింద ఉంది, చేతులు మోచేతుల దాకా మసి, బండి స్టార్టవుతుంది, నడవదు, యాక్సిలరేటరు తొక్కితే దగ్గుతుంది, ఇంకాస్త తొక్కితే ఆగిపోతుంది.

అమ్మాయ్, అవుతుందంటావా, అని అత్తయ్య గుమ్మంలోంచి మూడోసారి అడిగింది, అవుతుంది అత్తయ్యా అని మూడోసారి చెప్పాను, ఆవిడ అప్పుడే బూట్లు కూడా వేసుకుని నిలబడింది, అరవయ్యారేళ్ళ మనిషి, స్కూలుకి మొదటి రోజు వెళ్ళే పిల్లలా, డ్రైవింగు స్కూలు బండిలో రెండుసార్లు పరీక్షకి వెళ్ళి రెండుసార్లూ తప్పి వచ్చింది, ఆ బండి క్లచ్చు నా మాట వినదే, మన బండైతే నా కాలికి తెలుసు అంది, మూడోసారి తప్పితే లెర్నర్ లైసెన్సు కాగితం గడువు అయిపోతుంది, మళ్ళీ మొదటి నుంచీ మొదలు, ఈ వయసులో మళ్ళీ మొదలెట్టే ఓపిక లేదమ్మాయ్ అని నిన్న కూరలు తరుగుతూ తలెత్తకుండా చెప్పింది, ఆ తలెత్తకపోవడమే నాకు గుచ్చుకుంది, ఎందుకంటే ఆవిడ ఎవరి ముందూ తల దించే రకం కాదు, పందొమ్మిదేళ్ళు పక్క సీట్లో కూర్చుని దారంతా నేనే చెప్పాను, స్టీరింగొక్కటే మీ మావయ్య చేతిలో ఉండేది అంటుంది, ఇప్పుడు మావయ్యకి చూపు మందగించింది, ఇక నడపకూడదని కళ్ళ డాక్టరు చెప్పేశాడు, ఆయన వరండాలో నల్ల కళ్ళద్దాలతో కూర్చుని ఇంజను చప్పుడు వింటున్నాడు, దానికి ఊపిరాడటం లేదమ్మాయ్ అన్నాడు, ఆ మాట ఆయన మూడు రోజులుగా అంటున్నాడు, సరే మావయ్యా అని నేను మూడు రోజులుగా వింటున్నాను, వినడమంటే, విన్నట్టు తలూపుతున్నాను.

ఫోను బ్యాటరీ పక్కన నిలబెట్టాను, తెర మీద మా వాళ్ళు, మా వాళ్ళంటే ఒక్కరి మొహం కూడా నేను చూడలేదు, రెండేళ్ళ కింద వైపర్లు ఆగిపోయిన రోజు లాండ్రీలో టీ వేళ బండి పేరూ ఏడాదీ కొట్టి, వైపరు కదలడం లేదు ఏం చెయ్యాలి అని వెతికితే ఈ గుంపులో పడ్డాను, గుంపు పేరు ఇంకా నడుపుతున్నాం, ఇదే బండి ఉన్నవాళ్ళు పదకొండు వేల మంది, ఇంత మందికి ఇంత పిచ్చి ఉందా అని ఆ రోజు ఒక్కదాన్నే నవ్వుకున్నాను, దుప్పట్ల బుట్ట పక్కన, పక్కామె నాకేదో అయిందనుకుంది, అక్కడ ఒక పద్ధతుంది, ఏ సందేహం అడిగినా ముందు వాళ్ళే ఒక ప్రశ్న వేస్తారు, చివరిసారి ఎక్కడ చెయ్యి పెట్టారు, అని, అది చెప్పందే ఎవరూ నోరు విప్పరు, సాయం అందాక థాంక్సు అని రాస్తే తీసేస్తారు, థాంక్సు వద్దు, మీరు చేసిన తప్పు ఫొటోతో సహా రాయండి, తర్వాత వచ్చేవాళ్ళకి అదే దారి అంటారు, ఆ తప్పుల వరుసలు చదివే నేను స్పానరు పట్టడం నేర్చుకున్నాను, బ్రేకు లైటు మార్చాను, బెల్టు మార్చాను, తలుపు అద్దం దిగబడిపోతే విప్పి ఎత్తాను, ఒక పళ్ళ డాక్టరున్నాడు, పళ్ళు చూసే చిన్న అద్దం ఇంజను వెనక దూర్చి అందని నట్టులు వెతుకుతాడు, ఆయన ఫొటోలు చూసి నేనూ అలాంటి అద్దం కొన్నాను, తుప్పు తాతయ్య అని ఇంకొకాయన, తుప్పు ఎక్కడ పుడుతుందో అడక్కుండానే చెప్తాడు, ఆయన మాటకి గుంపంతా ఊ కొడుతుంది, నిన్న సాయంత్రం నేను అడిగినప్పుడు ఆ తాతయ్యే మొదట అడిగాడు, చివరిసారి ఎక్కడ చెయ్యి పెట్టావమ్మా, నేనేమీ ముట్టుకోలేదండీ, అంతా సర్వీసు వాళ్ళ నిర్వాకం అని రాశాను, రాసి వాళ్ళ గురించి ఇంకో పది వరుసలు దంచాను, ఆయన అంతా చదివి ఒక్క వరుస పెట్టాడు, ఏమీ ముట్టుకోని చెయ్యి మన గుంపులో లేదు, బాగా గుర్తు తెచ్చుకో తల్లీ.

ఆ తల్లీ అన్న మాటకి రాత్రి కోపమొచ్చింది, తెల్లారేసరికి జ్ఞాపకమొచ్చింది, ఆదివారం, అవును, ఆదివారం పొద్దున ఎయిర్ ఫిల్టరు మార్చాను కదా, మార్చడమేంటి, ఎంత బాగా మార్చానో, డబ్బా లోపల దుమ్మంతా తుడిచి, కొత్తది పెట్టి, నాలుగు క్లిప్పులు టక్ టక్ టక్ టక్ మని బిగించి, ఆ రోజంతా బండి బాగానే నడిచింది, అందుకే అది లెక్కలోకి రాదనుకున్నాను, బాగా చేసిన పనిలో తప్పు ఎందుకుంటుంది అనుకున్నాను, సరే చూద్దాం, మొదటి క్లిప్పు, రెండోది, మూడోది కాస్త మొరాయించింది, నాలుగోది, సర్వీసు వాళ్ళు ఈ మూత తీయనే లేదు, క్లిప్పుల మీద దుమ్ములో ఉన్నవి నా వేలిముద్రలే, కనీసం మూత తీయకుండా తుక్కంటారా, రాసుకో అర్జీలో, మూత తీశాను, ఫిల్టరు ఎత్తాను, కింద ఇంజనుకి గాలి వెళ్ళే గొట్టం మూతిలో ఏదో పచ్చగా, పళ్ళ అద్దం పెట్టి చూశాను, గుడ్డ, వెంటనే ఒళ్ళు మండింది, దొరికారు, గుడ్డ కుక్కి పంపించారు, ఈ రోజుతో వాళ్ళ గాజు గది గాజు గదిలా ఉండదు అనుకుంటూ రెండు వేళ్ళతో పట్టి లాగితే గొట్టంలో సగం దాకా జారిపోయిన గుడ్డ పాములా వచ్చింది, విప్పాను, మూలన ముద్ర, గుండ్రంగా, నల్లగా, రోజుకి నాలుగు వందలసార్లు నా కళ్ళ ముందు తిరిగే ముద్ర, మా లాండ్రీది.

నాదే, చిరిగిన దుప్పటి లోంచి నేనే చించుకొచ్చిన ముక్క, ఆదివారం డబ్బా తుడిచేటప్పుడు దుమ్ము గొట్టంలో పడకుండా నేనే మూతికి అడ్డం పెట్టాను, జాగ్రత్తగా, అతి జాగ్రత్తగా, పెట్టి మరిచిపోయి పైన మూత బిగించాను, మర్నాటికల్లా గాలి లాగుడికి అది లోపలికి జారింది, ఏమైందమ్మాయ్ అలా నిలబడిపోయావ్ అంది అత్తయ్య, నేను గుడ్డ ఎత్తి చూపించాను, ఆవిడ చూసింది, ముద్ర చూసింది, నా మొహం చూసింది, మూడు రోజులుగా ఎవర్నో తిడుతున్నావు కదే, అంది, అంతే, నవ్వాపుకోలేక గుమ్మం పట్టుకుంది, నాకు ముందు చచ్చినంత పనైంది, తర్వాత కడుపులోంచి తన్నుకొచ్చింది నవ్వు, బానెట్ మీద చేతులు పెట్టి వంగి వంగి నవ్వాను, మావయ్య వరండాలోంచి ఏంటి, ఏంటి, నాకూ చెప్పండి అంటున్నాడు, ఊపిరాడింది మావయ్యా అన్నాను, ఫిల్టరు పెట్టాను, మూత బిగించాను, అత్తయ్యే తాళం తిప్పింది, తొక్కింది, దగ్గు లేదు, బండి గొంతు విప్పి పాడినట్టు లేచింది, మావయ్య కుర్చీలో నిటారుగా అయి, అదీ, అన్నాడు.

పరీక్ష స్థలంలో ఇనుప కంచె ఇవతల మేమిద్దరం, మావయ్యకి అంత దూరం కనపడదు, చెవి పెట్టి వింటున్నాడు, రెండో గేరు, అన్నాడు, ఇప్పుడు క్లచ్చు వదిలింది, నెమ్మదిగా, బాగుంది అన్నాడు, నేను కంచెకి ఆనుకుని ఫోను తీశాను, రాయాలి, ఏం రాయాలి, సెన్సరు శుభ్రం చేశాను, కుదిరింది అని రాయొచ్చు, ఎవరికి తెలుస్తుంది, పదకొండు వేల మందిలో ఒక్కరికీ తెలీదు, ఫ్యాన్లు పెట్టించిన అర్జీలక్క, ఎప్పుడూ ఎదుటివాళ్ళ తప్పులే రాసిన చెయ్యి ఇది, తన తప్పు ఒక్కసారీ రాయలేదు, మూడో గేరు, అన్నాడు మావయ్య, అప్పుడు రాసేశాను, నేను ముట్టుకున్నాను, ఆదివారం, గుడ్డ నాదే, ముద్రతో సహా ఫొటో, సర్వీసు వాళ్ళని తిట్టిన పది వరుసల్లో ఏడు నాకే చెల్లుతాయి, మిగతా మూడూ వాళ్ళవే, మూత తీయలేదు గనక, పంపించి కళ్ళు మూసుకున్నాను, తెరిచేసరికి కింద వరుసలు, నేను మేజోడు మరిచిపోయాను అని ఒకరు, నేను రబ్బరు గ్లవ్సు, అదీ నా క్లినిక్కుదే అని పళ్ళ డాక్టరు, నేను మా ఆవిడ తువ్వాలు, ఇప్పటికీ ఆవిడకి తెలీదు, చెప్పకండి అని తుప్పు తాతయ్య, అలా పద్ధెనిమిది మంది, పద్ధెనిమిది గుడ్డలు, నేను కంచె దగ్గర గట్టిగా నవ్వేశాను, సరిగ్గా అప్పుడే బండి మా ముందుకొచ్చి ఆగింది, ఎంత మెత్తగా ఆగిందంటే మావయ్యకి ఆగినట్టే తెలియలేదు, అత్తయ్య అద్దం దించి పాసైన కాగితం బయటికి చాపింది, తల ఎత్తుకునే ఉంది, మావయ్య అలవాటు కొద్దీ స్టీరింగు వైపు తలుపు దగ్గరికి వెళ్ళి తడుముతుంటే, అటు, అంది ఆవిడ, ఆయన బుద్ధిగా చుట్టూ తిరిగొచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

వెనక సీట్లో కూర్చుని గుడ్డని ఒళ్ళో మడత పెట్టుకుంటున్నాను, దారి నేను చెప్పనా అని మావయ్య అడుగుతున్నాడు, చెప్పు, వింటానో లేదో చూస్తాను అని అత్తయ్య, నా మనసు మాత్రం ఒకే చోట నిలిచింది, నన్ను గట్టెక్కించింది తెలివైనవాళ్ళు కాదు, మేం ఇక్కడ తప్పు చేశాం అని సిగ్గుపడకుండా రాసిపెట్టినవాళ్ళు, ఆ వరుసలే లేకపోతే ఈ బండి ఈ పాటికి తుక్కు, అత్తయ్య ఇంకా పక్క సీటు, మరి మీరు, గాజు గదిలో మీరు, ఇన్నేళ్ళలో ఒక్క తప్పయినా రాశారా, అందుకే అర్జీ మారింది, వినండి, నాకు క్షమాపణ అక్కర్లేదు, రేపు పొద్దున గది తెరవగానే గోడకి ఒక బోర్డు తగిలించండి, చివరిసారి ఎక్కడ చెయ్యి పెట్టారు అని వచ్చిన ప్రతి మనిషినీ అడగండి, వైరు తగిలించే ముందు మూత తీయండి, తీయకుండా ఏ బండినీ తుక్కనకండి, మీరు చేసిన తప్పు రోజుకొకటి ఆ బోర్డు మీద అందరికీ కనపడేలా రాయండి, మొదటి రోజు రాయడానికి చెయ్యి రాకపోతే నా గుడ్డ తెచ్చిస్తాను, ముద్రతో సహా, దాన్నే తగిలించండి, రెండో వరుస మీది.