ఎనిమిదో ఊచ

ఆ కొండ పట్నంలో మెట్ల వీధి అని ఒకటుంది. మొత్తం రెండువందల పన్నెండు మెట్లు. కింద ఊలు టోపీల కొట్టు, నడుమ పాత పుస్తకాల కొట్టు, ఇంకాస్త పైన కొవ్వొత్తులు పోసే అక్కాచెల్లెళ్ల కొట్టు, చిట్టచివర, ఇక ఆకాశమే తరువాయి అన్నచోట గొడుగుల తాత కొట్టు.

వేసవి మొదట్లో ఎవరో పత్రికావిడ వచ్చి, సెలవులకొచ్చినవాళ్లు తప్పక చూడాల్సిన చిన్న కొట్లంటూ జాబితా రాసి, అందులో తాత కొట్టునూ చేర్చింది. గొడుగుల గురించి ఒక్క ముక్క రాయలేదు. గాలివానలో తాత గొడుగు పట్టుకుని ఎదుటి కొండ మీదికి ఎగిరిపోయిన వైనం మాత్రం పొల్లుపోకుండా రాసింది. అది ఆవిడకు చెప్పింది తాతే. నోరు ఊరుకుంటేగా.

అప్పట్నుంచి జనం. రొప్పుతూ ఎక్కడం, బల్ల మీద చతికిలబడడం, మంచినీళ్లు తాగి "తాతగారూ, ఆ కథ" అనడం. కథ కాగానే ఫొటో తీసుకుని దిగిపోవడం. మొదటి వారం తాత మీసం మెలేశాడు. రెండో వారం కథలో మేఘాలు తగ్గించాడు. ఇప్పటికి నెల దాటింది. రోజుకు నలభైసార్లు ఎదుటి కొండకు ఎగిరి ఎగిరి ఆయన ఒళ్లు పులిసిపోయింది.

అదైనా ఓర్చుకునేవాడే, నర్సమ్మ గొడుగు ముందు పడి ఉండకపోతే.

నర్సమ్మ రోజూ సాయంత్రం గట్టు దాటి, అవతలి వాలులో మంచాన పడ్డ ముసలాయనకు నొప్పి తగ్గే సూదిమందు వేసి వస్తుంది. ఆ గట్టు గాలికి మామూలు గొడుగులు ఆగవు. తాత రెండు ఇచ్చి చూశాడు, రెండూ వెనక్కి తిరగబడ్డాయి. ఆవిడ గొడుగు ఆయన ప్రత్యేకంగా చేసింది. వీపున ఉన్న మందుల పెట్టె కూడా తడవనంత వెడల్పు. దాని గుడ్డ చిరిగింది. కొత్త గుడ్డను ఎనిమిది ఊచలకూ ఒకే బిగువులో, ఏకబిగిన కుట్టాలి. మధ్యలో చెయ్యి వదిలితే గుడ్డ ఓ పక్కకు జారుతుంది. మళ్లీ అంతా విప్పి మొదటి ఊచ నుంచి రావాలి.

కుడుతూ కథ చెప్పొచ్చుగా అంటారేమో. తాత అవస్థంతా అక్కడే. చేతులు ఆడించందే ఆయనకు అబద్ధం రాదు. గొడుగు లేవాలంటే కుడిచెయ్యి లేవాలి. గాలి మళ్లాలంటే రెండూ కావాలి. చేతులు కట్టుకుంటే ఆయన నోట నిజం తప్ప ఇంకేదీ రాదు. ఆ నిజం వినడానికి అన్ని మెట్లెక్కి ఎవడొస్తాడు?

మూడు రోజుల్లో ఆరుసార్లు మొదలుపెట్టాడు. ఒకసారి ఏడో ఊచదాకా వచ్చి పోగొట్టుకున్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం నర్సమ్మ గుమ్మంలో నిలబడింది.

"బాబాయ్, నిన్నటి జల్లుకే పెట్టె తడిసింది. ఇవాళ మబ్బు చూశావుగా. గొడుగు లేకపోతే నేను గట్టెక్కలేను. ఆయనకి రాత్రంతా నొప్పే."

"ఐదింటికి రా అమ్మాయ్. అయిపోతుంది."

"మొన్న కూడా ఐదింటికే రమ్మన్నావు. ఏ ఏడాదో కూడా చెబితే బాగుండేది."

తాతకు నవ్వే ఓపిక కూడా లేదు. సూదిలో దారం ఎక్కించాడు.

నాలుగో ఊచ దగ్గర ఉండగా ఐదుగురు వచ్చారు. వాళ్లలో కర్ర ఊతంతో ఎక్కిన ఒక పెద్దావిడ కూడా ఉంది.

"కాసేపు కూర్చోండమ్మా, పనిలో ఉన్నా" అన్నాడు తాత తలెత్తకుండా.

"మాకు బస్సుంది తాతగారూ. మీ కథ కోసమే ఎక్కాం."

పెద్దావిడ మోకాళ్లు పట్టుకుని ఆయన వంకే చూస్తోంది. ఆ మోకాళ్ల బాధ తాతకు తెలియంది కాదు. గుడ్డ మీద ఆయన వేళ్లు సడలబోయాయి.

లోపల గొడుగు పిడులకు మెరుగు పెడుతున్న భార్య లేచి వచ్చింది. నలభై ఏళ్లుగా ఆయన నోరు తెరిస్తే "అన్నీ కోతలే" అని లోపలికి వెళ్లిపోయే మనిషి. ముక్కాలిపీట తెచ్చి వాళ్లకూ ఆయనకూ మధ్య వేసుక్కూర్చుంది.

"ఆయన చెప్పేది సగమే. మిగతా సగం నా దగ్గరుంది" అంది.

తాత సూది ఆగింది.

"మీరు కుట్టండి" అంది వెనక్కి తిరక్కుండానే. "ఆయన గొడుగుతో లేచారా, నేను కాలు పట్టుకున్నా. రెండో చేత్తో ఈ తలుపు పట్టుకున్నా. తలుపు కొట్టుని వదల్లేదు. అప్పట్లో మా కొట్టు కింద, టోపీల కొట్టు పక్కన ఉండేది. అందరం కలిసి లేచాం. గాలికి ఇక్కడిదాకా వచ్చేసరికి ఓపిక అయిపోయి దించేసింది. లేకపోతే బుద్ధున్నవాడెవడైనా ఇంత ఎత్తున గొడుగులు అమ్ముతాడా?"

చెబుతున్నంతసేపూ ఆవిడ చేతులు ఒళ్లోంచి కదల్లేదు. చాకలికి వేసిన బట్టల పద్దు చదివినట్టు చెప్పింది.

"మరి కింద ఆ చోటు?" అంది పెద్దావిడ.

"దిగేటప్పుడు చూడండి. టోపీల కొట్టు పక్కన సందు ఉంటుంది. అదే."

ఐదో ఊచ అయింది. ఇంకో గుంపు వచ్చింది. తాత భార్య మళ్లీ మొదటి నుంచి అందుకుంది. ఆరు. ఏడు. గొంతు బొంగురుపోతున్నా ఆపలేదు. ఐదింటికి ఇంకా పది నిమిషాలుండగా తాత ఎనిమిదో ఊచకు ముడి వేసి, దారం పళ్లతో తెంపాడు. బయట తొలి చినుకులు పడ్డాయి.

నర్సమ్మ వచ్చి గొడుగు తెరిచి, గుడ్డ మీద వేలితో కొట్టి చూసింది. డప్పులా మోగింది. పెట్టె వీపున సర్దుకుని వెళ్లిపోయింది. కాసేపటికి ఆ నల్ల గొడుగు గట్టు మీద కనిపించింది. గాలికి ఓ పక్కకు ఒరిగింది గానీ తిరగబడలేదు. గట్టు దిగి అవతలికి మాయమయ్యేదాకా ఇద్దరూ గుమ్మంలోనే ఉన్నారు.

"ఇన్నాళ్లూ నన్ను కోతలరాయుడన్నావుగా" అన్నాడు తాత గోడకు చేరగిలబడి.

"ఇప్పుడూ అంటా. మిమ్మల్ని మొయ్యడంలో మాత్రం కోతేం లేదు."

అంతలో మెట్ల అంచున తడిసిన తల ఒకటి లేచింది. "ఎగిరే గొడుగు... కథ చెప్పేది... ఇక్కడేనా?"

తాత రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, గడ్డంతో భార్యను చూపించాడు. ఆవిడ నిట్టూర్చి పీట ముందుకు లాక్కుంది.

"కూర్చో నాయనా. ముందు ఊపిరి తీసుకో. నన్నూ తీసుకోనీ."