వెయ్యిన్ని తొమ్మిది

మా ఆవిడ ఆ లెక్కలు చేసుండదు, చేసినట్టు రాసి పడేసుంటుంది, లేకపోతే 1022117ని 1009 నిశ్శేషంగా భాగిస్తుంది మాస్టారూ అని కావలి కాలేజీ లెక్చరరు పద్మనాభయ్యగారు కార్డు రాసి నా పరువు తీస్తారా, వేసవి సెలవుల్లో ఈ సంఖ్యకు కారణాంకాలున్నాయో లేవో తేల్చమని సవాలు చేసింది ఆయనే, లేవు, ఇది ప్రధాన సంఖ్యే అని సంతకం పెట్టి పంపింది నేను, బడి తెరిచిన రోజే మైపాడు పిల్లలందరి ముందూ బోర్డు మీద రాసి మరీ గొప్పలు పోయాను, ఛీ ఛీ, ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూశాం కదా, ఐదొందల లోపువి నేను, ఆ పైవి నా భార్య మగ్దలీన, ఎనిమిదో క్లాసే చదివినా భాగహారంలో ఆమె చెయ్యి నాకంటే చురుకు, ఆ చురుకు మీదే ఇప్పుడు అనుమానం, ఈ పని అప్పజెప్పిన వారమంతా వాళ్లమ్మకు జ్వరమని రోజూ వెళ్లొచ్చిందే, మరి ఇన్ని లెక్కలు ఎప్పుడు చేసింది, అదిగో పెరట్లో చేపల పొలుసు తీస్తోంది, కార్డు ఎవరు రాశారండీ అని అడగనైనా అడగలేదు, తెలుసు గనకే అడగలేదు, ఈ ఒక్క అబద్ధం తేలనీ, ఇక ఆమె చెప్పే ఏ మాటా నమ్మను.

పరీక్ష పేపర్ల వెనక ఆమె చేసిన లెక్కలన్నీ ట్రంకుపెట్టెలోంచి తీశాను, ఎక్కడో దొరక్కపోతావా, 977కి శేషం 175, సరే, 983కి 780, సరే, 991కి 396, 997కి 192, ఓరి దేవుడా, అన్నీ సరే, మరి 1009 ఏదీ, ఎగ్గొట్టిందా, జాబితా చూడు, జాబితా నా చేతిరాతే, 997 దగ్గర ఆగింది, బడిలోని పట్టిక వెయ్యి దాకానే ఉంది, అంతవరకు చాల్లే అనుకున్నాను, వెయ్యి వెయ్యిలు పది లక్షలు, మన సంఖ్య దానికి ఇరవైరెండు వేలు పైన ఉందే, ఈ మాట ఎవరో అన్నారు, ఎవరు, ఆమే, ఈ వాకిట్లోనే, ఏమండీ, వెయ్యికాడనే ఆపేసినారే, ఆపైన ఇంకొకటన్నా చూడబళ్లేదా అంది, మాస్టర్ని నేనా నువ్వా అన్నాను, పక్కింటి ఎస్తేరమ్మ ముందరే అన్నాను, ఎస్తేరమ్మ నవ్వింది కూడా.

పెట్టె అడుగున ఆమె బైబిల్లో ఇంకో కాగితం మడిచి ఉంది, ఆహా, దాచావన్నమాట, విప్పితే 1009, భాగఫలం 1013, శేషం సున్నా, కింద తేదీ, ఏ లెక్కకైనా తేదీ వెయ్యమని నేర్పింది నేనే, మే ఏడు, నేను కావలికి జాబు పంపింది పదో తారీఖున, మూడు రోజులు ఈ సున్నాను కడుపులో పెట్టుకుని నాకు అన్నం వడ్డించింది, కవరు అంటించడానికి మెతుకులు కూడా తనే తెచ్చిచ్చింది, చెప్పి ఏడవొచ్చు కదే అని అరవబోతుంటే చేతులు తుడుచుకుంటూ వచ్చి, నా చేతిలో కాగితం చూసి గడప దగ్గరే ఆగిపోయింది, ఆ చూపు నాకు తెలుసు, లెక్క తప్పిన పిల్లలు నా బెత్తం వైపు చూసే చూపు, నీ లెక్క తప్పలేదు కదా మగ్దలీనా, ఎందుకు చెప్పలేదు అన్నాను, మీరు అరుస్తారనీ అంది, అంతే అంది, పన్నెండేళ్ల కాపురం మాది, సరైన జవాబు చేతిలో ఉండి కూడా నాకు చెప్పడానికి భయపడింది.