మేడమ్ కూర్చున్న చోటు

పొద్దున టీలు అయ్యాక, బూట్ల తాళ్ళు బిగించుకుని అందరూ డేరాల ముందు వరసలో నిలబడతారు, కెప్టెన్‌తో సహా. వాళ్ళ ముందు నుంచి మేడమ్ తీరిగ్గా నడుచుకుంటూ వెళుతుంది. మేడమ్ అంటే గోధుమరంగు కుక్క. ఒక చెవి నిలబడి ఉంటుంది, రెండోది వాలిపోయి ఉంటుంది. ఆ క్యాంపులో కెప్టెన్ తర్వాత మాట ఆవిడదే. కొన్ని రోజులు కెప్టెన్ కంటే ముందు కూడా.

మేడమ్ ఎవరి ముందైనా కూర్చుందంటే ఆ మనిషి కడుపులో ఏదో దాపరికం ఉన్నట్టు లెక్క. అది కక్కేదాకా లేవదు.

ఆవేళ వంటాయన ముందు కూర్చుంది. వంటాయన ఆకాశం వంక చూశాడు, నేల వంక చూశాడు, ఇక చూడ్డానికి ఏమీ మిగల్లేదు.

"నిన్న పాలపొడి అయిపోయిందన్నాను కదా. అవలేదు. నా మంచం కింద ఉంది."

మేడమ్ లేచి వెళ్ళి వైర్‌లెస్ వాడి ముందు కూర్చుంది.

"బాబాయ్ సబ్బు నేనే తీశాను. వాసన బాగుందని."

"అదా సంగతి," అన్నాడు సూది బాబాయ్. "నీ దగ్గర మంచి వాసన వస్తుంటే డేరాలోకి ఎవరో కొత్త మనిషి వచ్చాడనుకున్నాన్రా."

అందరూ నవ్వుకుని పనిలోకి వెళ్ళారు. పనంటే రోడ్డు వెతకడం. యుద్ధం అయిపోయింది గానీ, పోతూ పోతూ రోడ్డు కింద మందుపాతరలు పెట్టి పోయింది. ఊళ్ళేమో అవతల ఉన్నాయి, ఆస్పత్రేమో ఇవతల. జబ్బు చేసినవాళ్ళని కొండ చుట్టూ తిప్పి తెస్తుంటే కొందరు ఆస్పత్రి గేటు చూడకుండానే పోతున్నారు.

రోడ్డు మీద మేడమ్ ముందు నడుస్తుంది. పొడవాటి తాడు పట్టుకుని వెనకాల ఒక సిపాయి నడుస్తాడు. మేడమ్ ఎటు వెళితే అటు వెళతాడు, ఆవిడ తిన్నాకే తింటాడు కాబట్టి అతన్ని అందరూ పీయే అంటారు. ఆవిడ కూర్చున్న చోట ఎర్రజెండా గుచ్చుతారు. అప్పుడు సూది బాబాయ్ బోర్లా పడుకుని, సన్నటి ఇనప చువ్వని మట్టిలోకి వాలుగా, మెల్లమెల్లగా దించుతూ వెతుకుతాడు. ఆ పేరు అందుకే వచ్చింది.

ఇక్కడొక ఇబ్బంది ఉంది. దాచింది దాచిందే. మట్టిలో దాచారా, మనిషిలో దాచారా అని మేడమ్ తేడా చూడదు. అందుకే పొద్దున్నే మనుషులందరూ ఖాళీ అయిపోవాలి. అప్పుడు రోడ్డు మీద ఆవిడ కూర్చుంటే ఉన్నది మందుపాతరే అని ధైర్యం. తాడు పట్టుకునే పీయే వరసలో నిలబడడు. ఆ అవసరం ఎప్పుడూ రాలేదు, అద్దంలాంటి మనిషి.

అలాంటిది, పీయే టౌనుకి సెలవు మీద వెళ్ళి వచ్చాక కథ మారింది. మేడమ్ రోడ్డెక్కి కాస్త నడవగానే కూర్చుంది. బాబాయ్ పడుకుని వెతికాడు, ఏమీ లేదు. ఇంకాస్త నడిచి కూర్చుంది. మళ్ళీ ఏమీ లేదు. మూడోసారి వెనక్కి తిరిగి, పీయే మొహంలోకి చూస్తూ కూర్చుంది.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర ఎవరూ జోకులు వెయ్యలేదు. పీయే పళ్ళెం పట్టుకుని వస్తే బల్ల మీద వాళ్ళు జరిగారు. చోటివ్వడానికి జరిగినట్టు లేదు.

"డీజిల్ అమ్ముకుంటున్నాడంటావా?" అన్నాడు వైర్‌లెస్ వాడు, వంటాయన చెవిలో.

"డీజిలైతే కంపు కొట్టడా? మ్యాపులు, మ్యాపులు. టౌన్లో ఎవరికో చూపించుంటాడు."

"సెలవు నుంచి వచ్చి తెగ సంతోషంగా ఉన్నాడు, గమనించావా? పెళ్ళి కుదిరిందన్నాడు. ఫోటో చూపించరా అంటే ఇంకా తీయించలేదన్నాడు. కుదిరిన పెళ్ళికి ఫోటో ఉండదా?"

కెప్టెన్ పీయేని తన డేరాలోకి పిలిపించాడు. మేడమ్ కూడా వచ్చి పీయే ఎదురుగా కూర్చుంది.

"ఏం దాస్తున్నావ్?"

"ఏం లేదు సార్."

మేడమ్ తోక కూడా కదల్లేదు.

"మీ దువ్వెన విరగ్గొట్టింది నేనే సార్."

కదల్లేదు.

"బళ్ళో చదివేటప్పుడు పక్కవాడి లెక్కలు చూసి రాశాను సార్. మా అక్క పెళ్ళిలో ఏడవలేదు, ఏడ్చినట్టు చేశాను."

మేడమ్ ఆవులించింది.

పీయే పెట్టె వెతికించారు. బట్టల అడుగున కళ్ళజోడొకటి దొరికింది. సీసా అడుగుల్లాంటి మందపాటి అద్దాలు. పీయే చూపు గద్ద చూపు, ఎగిరే దోమ మగో ఆడో చెప్పగలడు. వంటాయన పెట్టుకుని చూసి, "నాకు ఇద్దరు కెప్టెన్లు కనబడుతున్నారు. ఎవరిదిరా ఇది?" అన్నాడు.

"దొరికింది," అన్నాడు పీయే. మేడమ్ ఇంకాస్త సర్దుకుని కూర్చుంది.

మన మధ్య దాపరికం ఎందుకు గానీ, చెప్పేస్తాను. టౌన్లో కళ్ళజోళ్ళు చేసే అతనొకడున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. తన పాత జోడు పీయేకి గుర్తుగా ఇచ్చాడు. ఈ సెలవుల్లో ఇద్దరూ ఇక మీదట ఒకే ఇంట్లో బతకాలని అనుకున్నారు. ఆ సైన్యంలోనేమో ఒక రూలుంది. మగవాణ్ణి ప్రేమించిన మగవాడు, సంగతి బయటపడితే, మర్నాడే పెట్టె సర్దుకోవాలి. బయటపడకపోతే ఉండొచ్చు. పీయేకి ఆ తాడు తప్ప వేరే పని రాదు, మేడమ్‌కి వేరే చెయ్యి పడదు. చెబితే తాడు పోతుంది, చెప్పకపోతే మేడమ్ లేవదు. పాపం, ఎలా నిద్రపోతాడు?

మర్నాడు రోడ్డు మీద మేడమ్ మళ్ళీ కూర్చుంది. జెండా గుచ్చారు. బాబాయ్ పడుకోబోతూ ఆగి, మోకాళ్ళ మీద ఉండిపోయి, పీయే వంక చూశాడు.

"ఇది నువ్వా, మందుపాతరా?"

"తెలీదు బాబాయ్."

"నీకే తెలీకపోతే నాకెవరు చెబుతార్రా? నిన్నంతా నీ కోసం ఉత్త మట్టిని బతిమాలుకుంటూ పొడిచాను. విసుగొచ్చిన చెయ్యి గట్టిగా పొడుస్తుంది, అబ్బాయ్. నేను మంచివాణ్ణే, చెయ్యి సంగతి చెప్పలేను." చువ్వ తీసుకుని పడుకున్నాడు. నిజంగానే చెయ్యి విసురుగా లేచింది.

"ఆగు బాబాయ్."

చెయ్యి ఆగింది. వెనకాల అందరూ ఆగారు.

"పెళ్ళికూతురెవరూ లేరు. ఆ కళ్ళజోడు టౌన్లో కళ్ళజోళ్ళు చేసే అతనిది. అతనే. మేమిద్దరం కలిసి ఉండాలనుకున్నాం. అంతే, ఇంకేం లేదు నా దగ్గర."

ఎవరూ పీయే వంక చూడలేదు. అందరూ మేడమ్ వంక చూశారు.

మేడమ్ లేవలేదు.

"అయితే ఇది నువ్వు కాదు," అన్నాడు బాబాయ్ నెమ్మదిగా. చువ్వని రెండు వేళ్ళతో పట్టుకుని, నిద్రపోయే పసిబిడ్డ కింద చెయ్యి పెట్టినట్టు మట్టిలోకి దించాడు. టిక్ మంది. మట్టి తీస్తే తుప్పుపట్టిన మూత, అన్నం గిన్నె మీద పెట్టేదంత. బాబాయ్ కాసేపు తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

సాయంత్రం కెప్టెన్ అందరినీ కూర్చోబెట్టాడు.

"రోడ్డు మీద గాలి ఎక్కువగా ఉంది. నాకేమీ వినపడలేదు. మీకు?"

"గాలే సార్," అన్నాడు వంటాయన.

"నాకు వినపడింది," అన్నాడు వైర్‌లెస్ వాడు. "ఒకే డేరాలో ఎలా పడుకోవాలి?"

"ఇన్నేళ్ళూ ఎలా పడుకున్నావ్? వాడు నిన్నేం చేశాడు? గురక పెట్టి చంపుతున్నది నువ్వు. పైగా సబ్బుదొంగవి, నువ్వా మాట్లాడేది?" అన్నాడు బాబాయ్.

వైర్‌లెస్ వాడు బూటుతో నేల గీకాడు. "సరేలే. గాలే."

పీయే తల వంచుకుని దణ్ణం పెట్టాడు. సమస్య తీరిందని అందరూ హాయిగా పడుకున్నారు.

పొద్దున వరసలో మేడమ్ వంటాయన ముందు కూర్చుంది. వంటాయన బెల్లం ముక్క సంగతి చెప్పాడు, లేవలేదు. ఆవిడే విసుగొచ్చి లేచి వైర్‌లెస్ వాడి ముందు కూర్చుంది, తర్వాత బాబాయ్ ముందు, ఆఖరికి కెప్టెన్ ముందు. అక్కణ్ణించి ఇక కదల్లేదు. తాడు పట్టుకుని పక్కన నిలబడ్డ పీయే వంక మాత్రం చూడనే లేదు.

"అర్థమైంది," అన్నాడు బాబాయ్. "నిన్న వాడి మూట విప్పి తలా కాస్తా మనం కట్టుకున్నాం. ఆవిడ దృష్టిలో మన మంచితనం కూడా దాపరికమే."

అదేరోజు రోడ్డు చూడ్డానికి పెద్దాఫీసరు జీపులో వచ్చాడు. మీసాలు దువ్వుకున్న మనిషి, చెడ్డవాడు కాదు. మర్నాడు బస్సు నడుస్తుందని అవతలి ఊళ్ళకి మాటిచ్చేసి వచ్చాడు. ఇంకా కాస్త రోడ్డు మిగిలే ఉంది. కెప్టెన్ గొంతు సవరించుకుని అందరి ముందూ ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. చెప్పగానే మేడమ్ కెప్టెన్ ముందు నుంచి లేచింది.

పెద్దాఫీసరు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "సరే, ఈ మాట మీరు అనలేదు, నేను వినలేదు. ముందు రోడ్డు కానివ్వండి. తర్వాత సంగతి తర్వాత."

ఆ 'తర్వాత' ఏమిటో పీయేకి అర్థమైంది. మేడమ్‌కీ అర్థమైందేమో, వెళ్ళి పెద్దాఫీసరు ముందు కూర్చుంది.

"వేరేవాడికి తాడివ్వండి," అన్నాడాయన. ఇచ్చారు. మేడమ్ కూర్చునే ఉంది. ఆయన పక్కకి జరిగాడు, ఆవిడా జరిగింది. జీపు ఎక్కబోయాడు, ఆవిడ జీపు మెట్టు దగ్గర కూర్చుంది.

"ఎంతసేపు ఇలా?"

"కక్కేదాకా సార్," అన్నాడు వంటాయన వినయంగా. "టీ పెట్టమంటారా?"

పెద్దాఫీసరు టీ తాగాడు. రోడ్డు వంక చూశాడు. అవతల, ఎండలో, అప్పుడే మంచం మీద ఎవరినో మోసుకొచ్చి దింపారు. రోడ్డు ఎప్పుడవుతుందా అని నిలబడి చూస్తున్నారు. ఆయన గ్లాసు కింద పెట్టి వైర్‌లెస్ వాణ్ణి పిలిచాడు.

"హెడ్డాఫీసు కలుపు."

కలిపాడు. పెద్దాఫీసరు నిలబడి మాట్లాడాడు, నాలుగు డేరాలకీ వినపడేలా. "నా దగ్గరొక సిపాయి ఉన్నాడు. అతను కలిసి బతకాలనుకున్నది మగమనిషితో. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అతన్ని పనిలో ఉంచుతున్నాను. ఇవాళ్టికి కాదు, ఉండమన్నాను... రూలు నాకూ తెలుసండీ. తీసేస్తానంటే రేపటి బస్సు ముందు మీరొచ్చి నడవండి... లేదు, గొంతు తగ్గించను. తగ్గిస్తే ఇక్కడ పని ఆగిపోతుంది."

అవతలివాళ్ళు చాలాసేపు ఏదో అన్నారు. తర్వాత ఏమీ అనలేదు. అక్కడ మేడమ్ లేదు కాబట్టి వాళ్ళేం దాచుకున్నారో మనకి తెలీదు. పీయేని తీసేయమని కాగితం మాత్రం ఎప్పటికీ రాలేదు.

పెద్దాఫీసరు వైర్‌లెస్ పెట్టేసి కిందికి చూశాడు. మేడమ్ లేచి, ముందు కాళ్ళు చాపి ఒళ్ళు విరుచుకుని, రోడ్డు వైపు నడిచింది. పీయే పరిగెత్తుకుంటూ వెళ్ళి తాడు అందుకున్నాడు. మిగిలిన రోడ్డులో ఆవిడ ఒక్కచోటే కూర్చుంది, బాబాయ్ సందేహం లేకుండా పడుకున్నాడు.

మర్నాడు మొదటి బస్సు వచ్చింది. క్యాంపు దగ్గర అందర్నీ దింపి వరసలో నిలబెట్టారు. వాళ్ళలో సన్నగా, పొడుగ్గా ఒకతను కళ్ళు చికిలించి పీయేని వెతుక్కుంటూ, పొరపాటున వంటాయనకి చెయ్యి ఊపాడు. కొత్త జోడు బస్సు కుదుపుకి విరిగిందట. పీయే వెళ్ళి పాత జోడు అతని చేతిలో పెట్టాడు.

"ఇతన్ని ఏమని పిలవాలి? పెళ్ళి కుదిరిందన్నప్పుడు వదినా వదినా అని ఏడిపించాం," అన్నాడు వైర్‌లెస్ వాడు, ఎటో చూస్తూ.

"బావగారూ అను. నోరు అరిగిపోదు," అన్నాడు బాబాయ్. "వెళ్ళి ఆ సంచి అందుకో."

మేడమ్ వరస వెంట నడిచింది. బావగారి బూట్లు వాసన చూసి, ఆగకుండా వెళ్ళిపోయింది. బస్సు కండక్టరు దాకా వెళ్ళి, ఆయన ముందు హాయిగా కూర్చుంది.

కండక్టరు ఆకాశం వంక చూశాడు.