ఇద్దరు మాస్టార్లు

బట్టలు కుట్టే అతన్ని ఆ వీధిలో అందరూ మాస్టారనే పిలుస్తారు. అలా పిలిపించుకోవడం అతనికి ఇష్టం కూడా. ఆ పిలుపే ఒకరోజు మెడకు చుట్టుకుంటుందని అతనేం కలగన్నాడా?

ఆ మధ్యాహ్నం ఒక ప్యాంటు అంచు మడుస్తుండగా బల్ల మీద, ఫోనులో డబ్బు పడితే చెప్పే డబ్బా "ఎనిమిది వేలు అందాయి" అని అరిచింది. ఆ రోజు అతనికి రావలసింది ఆ ప్యాంటు తాలూకు నూట ఇరవై మాత్రమే. ఫోను తీసి చూశాడు. పంపింది ఆసుపత్రి నర్సమ్మ. ఆవిడ యూనిఫాంలు అతనే కుడతాడు, బాకీ మాత్రం ఏమీ లేదు.

ఆవిడకి ఫోను చేయబోయాడు. అంతలో పొద్దున దేవుణ్ణి అడిగింది గుర్తొచ్చింది. తొక్కీ తొక్కీ మోకాళ్లు అరిగిపోయాయి స్వామీ, మిషనుకు మోటారు పెట్టించుకునే దారి చూపించు అని వేడుకున్నాడు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడిగితే ఇంత త్వరగా పెడుతుందా?

ఇంట్లో చెబితే భార్య ఎగాదిగా చూసింది.

"దేవుడికి సొంత ఫోను లేదా ఏంటండీ? నర్సమ్మది అరువడిగాడా?"

"ఆవిడే అడుగుతుందిలే. అడిగితే ఇచ్చేద్దాం."

"అడక్కపోతే?"

అతను వినపడనట్టు మంచినీళ్లు తాగాడు. మర్నాడే ఆ డబ్బుతో మోటారు కొని బిగించాడు.

నాలుగో రోజు నర్సమ్మ వచ్చింది. యూనిఫాం నడుము దగ్గర వదులు చేయమని బల్ల మీద పడేసి మొదలుపెట్టింది.

"మనుషుల్ని నమ్మే రోజులు కావు మాస్టారూ! మా అమ్మాయికి లెక్కలు చెప్పే ఆయనకి ఆర్నెల్ల ఫీజు పంపానా, రాలేదంటాడు. డ్యూటీ దిగి నిద్రకళ్లతో ఉన్నా, ‘మాస్టారు’ అన్న పేరు చూసే నొక్కాను. నా డబ్బైతే పోయింది. పిల్లలందరి ముందూ కడిగేసి వచ్చాను. దొంగ మొహం!"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారు. మాస్టారు భుజం మీది టేపు సర్దుకున్నాడు.

"రెండంగుళాలు వదలమంటారా అమ్మా?" అన్నాడు.

ఆవిడ వెళ్లాక మిషను ముందు కూర్చున్నాడు. మోటారు తన పని తాను చేసుకుపోతోంది. అలవాటు చావని కాలు మాత్రం కింద ఊరికే ఆడుతోంది. చదువు చెప్పుకునే మనిషి దొంగనిపించుకున్నాడు, తను హాయిగా కూర్చుని కుడుతున్నాడు.

మర్నాడు లాయరు గారు నల్లకోటు లైనింగు చిరిగిందని వచ్చారు.

"లాయరు గారూ, మా తోడల్లుడికో చిక్కొచ్చింది. ఎవరో పొరపాటున డబ్బు పంపారట."

"రావడం అతని తప్పు కాదు. తనది కాదని తెలిసీ వాడుకున్నాడా?"

"ఏదో... చిన్న వస్తువు కొన్నాడు."

"అయితే నేరమే. వాళ్లు బ్యాంకులో రాసిస్తే ఎవరికి చేరిందో బయటపడుతుంది. కేసంటూ పెడితే జరిమానా, ఖైదు కూడా పడొచ్చు."

"దేవుడిచ్చాడనుకున్నాడండీ."

"కోర్టులో అలా చెబితే, దేవుణ్ణి సాక్ష్యానికి తీసుకురమ్మంటారు."

"ఇప్పుడు తిరిగిచ్చేస్తే?"

"శిక్ష తగ్గొచ్చు. అంతేగానీ చేసింది చేయనట్టు కాదు. నోటీసు రాకముందే ఇచ్చేయమనండి." కుట్టిచ్చిన కోటు తొడుక్కుంటూ ఆయన గుమ్మం దగ్గర ఆగారు. "అన్నట్టు మాస్టారూ, మీ ఆవిడ వాళ్లింట్లో ఒక్కతే కూతురని మీరేగా చెప్పారు?"

తోడల్లుడు అక్కడికక్కడే మాయమైపోయాడు.

సాయంత్రం దణ్ణం పెట్టబోతే చేతులు కలవలేదు. ఇస్తున్నది జైలుకు భయపడా, ఆ లెక్కల మాస్టారి పరువు కోసమా? దేవుడు అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. అది తేలేదాకా ఆగితే ఎప్పటికీ ఇవ్వలేననిపించింది.

మోటారు విప్పి అమ్మితే ఆరువేలు వచ్చాయి. మిగతా రెండు వేలూ భార్య తను దాచుకున్న పోపుల డబ్బాలోంచి తీసిచ్చింది.

నర్సమ్మ ఇంటికి వెళ్లి, గుమ్మంలో నిలబడే ఉన్నదంతా చెప్పాడు.

"మీకెప్పుడు తెలిసింది?" అంది ఆవిడ.

"వచ్చిన రోజే అమ్మా."

"నేను మీ బల్ల దగ్గర నిలబడి ఆయన్ని తిడుతున్నప్పుడు కూడా?"

"అప్పుడూ తెలుసు."

"కేసు పెట్టనా?"

"పెట్టండి. తప్పు నాదే."

చాచిన చేతిలోని డబ్బు ఆవిడ అందుకోలేదు. "నాకొద్దు. ఆయనకే ఇవ్వండి. ఎందుకు ఆలస్యమైందో పిల్లలందరూ వినేలా మీ నోటితో చెప్పండి. కేసు సంగతి తర్వాత చూద్దాం. పదండి, నేనూ వస్తాను. ఆయన కాళ్లు నేను కూడా పట్టుకోవాలి."

తాళం వేసి ఆవిడ ఫోను తీసింది. తెర మీద ఒకరి కింద ఒకరు ఇద్దరు మాస్టార్లు. లెక్కలాయన్ని అలాగే ఉంచి, రెండో పేరు చెరిపి, ఇంకేదో రాసింది.

ఏం రాసిందో తొంగిచూసే ధైర్యం అతనికి లేకపోయింది. డబ్బు గుప్పిట్లో పట్టుకుని ఆవిడ వెనకాలే మెట్లు దిగాడు.